కోమా, బ్రెయిన్ డెత్: రెండూ ఒకటి కాదు

కోనసీమలో కొబ్బరిచెట్టు మీంచి పడినా, ఏటిగట్టు మీద బైక్ జారినా, తలకి గట్టి దెబ్బ తగిలితే కాకినాడకి పరుగు. అక్కడ ఇంట్లోవాళ్ల చెవిన పడే మాటలు రెండు: కోమా, బ్రెయిన్ డెత్. మంచం పక్కన నిలబడి చూస్తే తేడా తెలీదు. వెంటిలేటర్ (ఊపిరి ఆడించే యంత్రం) మీద ఉంటే ఇద్దరికీ ఛాతీ లేచి పడుతుంటుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది.

కోమాలో స్పృహ లేకపోయినా, మెదడు అడుగున ఉండే బ్రెయిన్ స్టెమ్ కొంతైనా పనిచేస్తుంటుంది. కంట్లో లైటు వేస్తే కంటిపాప చిన్నదవ్వొచ్చు, గొంతులో గొట్టం కదిపితే దగ్గు రావొచ్చు. కొందరు సొంతంగా ఊపిరి తీస్తారు. అందరూ కాకపోయినా, కోలుకునేవాళ్లున్నారు.

బ్రెయిన్ డెత్‌లో ఆ స్టెమ్ శాశ్వతంగా ఆగిపోయింది. దాని కింది భాగమైన మెడుల్లానే ఊపిరి లయని, బీపీని నడిపేది. అది పోయాక రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగినా ఊపిరి తీయమనే ఆదేశం రాదు. డాక్టర్లు పరీక్షించేదీ అదే: ఆక్సిజన్ ఇస్తూనే వెంటిలేటర్ తీసి, ఛాతీ కదులుతుందేమో కళ్లార్పకుండా చూస్తారు.

మరి గుండె ఎలా కొట్టుకుంటోంది? లయ పుట్టించే కణాలు గుండెలోనే ఉన్నాయి, ఆక్సిజన్ అందినంతకాలం కొంత సమయం ఆడుతుంది. ఆ చప్పుడు విని ఆశపడేవాళ్లని తప్పుపట్టలేం. అవయవదానానికైతే 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి.

టెన్షన్‌లో ఉన్నా సరే, డాక్టర్ని సూటిగా అడగండి: కంటిపాప స్పందిస్తోందా, సొంత ఊపిరి ఉందా?