థర్మోస్టాటిక్ షవర్ వాల్వ్: కొన్నేళ్లు వాడాక

హైదరాబాద్‌లోని మా ఫ్లాట్‌లో పాత వాల్ మిక్సర్ తీసేసి, షవర్ నీళ్ల వేడిని తనే ఒకేలా ఉంచే థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టించి కొన్నేళ్లయింది. ఇంట్లో పెద్దవాళ్లుంటే తప్పకుండా పెట్టించుకోమంటాను. ఇదివరకు మా అమ్మ స్నానం చేస్తున్నప్పుడు ఎవరైనా వంటింట్లో కుళాయి తిప్పితే చాలు, చన్నీళ్లు తగ్గిపోయి షవర్ నీళ్లు ఒక్కసారిగా కాలేవి. గీజర్‌లో 60 డిగ్రీలకు కాగిన నీళ్లు కొన్ని సెకన్లలోనే ఒళ్లు బొబ్బలెక్కిస్తాయి. వయసు మీదపడిన చర్మానికి ఆ కాస్త సేపు కూడా పట్టదు.

ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. వాల్వ్ లోపల కార్ట్రిడ్జ్ అనే మార్చుకోదగ్గ భాగం ఉంటుంది. దాని లోపలి మైనం వేడికి వ్యాకోచిస్తూ, చల్లబడితే ముడుచుకుంటూ వేడినీళ్ల, చన్నీళ్ల పాళ్లను తనే సర్దుతుంది. చన్నీళ్లు ఉన్నట్టుండి ఆగిపోతే వేడినీళ్లనూ ఆపేస్తుంది. వేడిని ఎంచుకునే నాబ్ మీద 38 డిగ్రీల దగ్గర ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే తప్ప నాబ్ అంతకంటే ఎక్కువ వేడికి తిరగదు.

మాది గోడ బయటే ఉండే రకం. వాల్ మిక్సర్ పాయింట్ల మధ్య 150 మిల్లీమీటర్ల దూరం సరిపోవడంతో టైల్స్ పగలగొట్టలేదు. వేడినీళ్ల పైపు ఎడమవైపు, చన్నీళ్లది కుడివైపు ఉండాలి. అటూఇటూ అయితే వాల్వ్ సరిగ్గా పనిచేయదు. బిగించే ముందు రెండు పైపుల్నీ కాసేపు ధారగా వదలమని ప్లంబర్‌కి గట్టిగా చెప్పండి. ఇసుక, టేపు ముక్కలు కార్ట్రిడ్జ్‌లోకి పోతే కష్టం.

పై అంతస్తుల వాళ్లు కొనేముందు ప్రెషర్ చూసుకోవాలి. ట్యాంకు షవర్‌కి 10 మీటర్ల ఎత్తులో ఉంటేనే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. పంపు పెడితే వేడినీళ్లు, చన్నీళ్లు రెండు లైన్లకీ కలిపి పెట్టించండి, ఒక్కదానికే పెడితే బ్యాలెన్స్ తప్పుతుంది.

మే నెలలో మాత్రం దీనివల్ల పెద్ద లాభం లేదు. ట్యాంకు నీళ్లే సలసలా వస్తుంటే నాబ్ ఎంత తగ్గించినా ఏం లాభం? వాల్వ్ నీళ్లను కలుపుతుంది, చల్లార్చదు కదా.

అసలు బాధ బోరు నీళ్లతో. వాల్వ్‌లోకి నీళ్లొచ్చే చోట ఉండే ఇన్‌లెట్ జాలీల్లో తెల్లగా సున్నం పేరుకుని ధార సన్నబడుతుంది, నాబ్ బిగుసుకుంటుంది. లైన్లు కట్టేసి, జాలీలు తీసి, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెడితే శుభ్రమవుతాయి. నెలకోసారైనా నాబ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పుతుంటాం.

అంత చేసినా కార్ట్రిడ్జ్ ఒకసారి మార్చాల్సి వచ్చింది. స్పేర్ దొరకడానికి వారాలు పట్టింది. అందుకే మెరుపు చూసి కాకుండా, ఆ మోడల్ కార్ట్రిడ్జ్ మీ ఊళ్లో దొరుకుతుందో లేదో కనుక్కుని కొనండి. మార్చిన రోజే థర్మామీటర్‌తో నీళ్లు చూసి, సరిగ్గా 38 ఉన్నప్పుడు నాబ్‌ని ఆ గుర్తుకి కలిపి బిగించమనండి. లేకపోతే నాబ్ మీద అంకె ఒకటి, ఒంటి మీద పడే వేడి ఇంకొకటి అవుతుంది.