చేపల కుంట మీద గాజు అరుగు: వేయించుకోండి గానీ గాలి సందు వదిలించండి

మా పెరట్లో చేపల కుంట మీద గాజు అరుగు వేయించి మూడేళ్ళు దాటింది. నరసాపురం దగ్గర పల్లె మాది. ఇంటికి వచ్చినవాళ్ళు దాని మీద నిలబడి ఫొటోలు దిగుతారు, వెళ్ళేటప్పుడు "మేమూ వేయించుకోవచ్చా?" అని అడుగుతారు. గాజు ఎంత మందం, చదరపు అడుగు ఎంత అన్నది ఏ షాపువాడైనా చెబుతాడు. నేను చెప్పేది అంచుల సంగతి. నాలుగు వైపులా గాలి ఆడకుండా సిలికాన్ పూసి వెళ్ళిపోయిన పనివాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

బలం గురించి టెన్షన్ అక్కర్లేదు. 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు మూడు పొరలు అతికించిన పలకలు మావి. పై పొర పగిలినా కింది రెండూ మనిషిని మోస్తాయి. ఎండు కొబ్బరి మట్ట దబ్బున పడినా గీత పడలేదు. అయినా కాయ పడితే ఏమవుతుందో చూడాలని లేదు కాబట్టి ఆ పక్క చెట్లకు దింపు ఆలస్యం కానివ్వను. మా నల్లమట్టి ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది, అందుకని ఫ్రేమును కుంట గోడ మీద పెట్టకుండా విడిగా పైల్స్ మీద, అంటే భూమిలోకి లోతుగా దింపిన స్తంభాల మీద నిలబెట్టించాం. సముద్రపు గాలికి 304 స్టీలు మచ్చలు పడుతుందని 316 రకం వాడించాం. ఈ రెండు ఖర్చులూ దండగ కాలేదు.

మొదటి ఏడాది అడిగినవాళ్ళందరికీ కళ్ళు మూసుకుని వేయించుకోమన్నాను. సాయంత్రం కుంటలో లైట్లు వేస్తే ఆ అందమే వేరు. పిల్లలు బోర్లా పడుకుని గాజుకు ముక్కు ఆనించి చూస్తుంటారు. కోయి చేప మేత గింజను నోట్లోకి పీల్చుకుని, నచ్చకపోతే ఉమ్మేసి, మళ్ళీ తిరిగొచ్చి అదే గింజను తీసుకోవడం కూడా కనబడుతుంది. కొంగలు, లకుముకి పిట్టలు, పిల్లుల బెడద పూర్తిగా పోయింది.

కాకపోతే ఇదంతా సాయంత్రాల మాట. ధనుర్మాసంలో పొద్దున్నే చూస్తే నీళ్ళు కాస్త వెచ్చగా, గాజు చల్లగా ఉండి అడుగున ఆవిరి పట్టేస్తుంది. బారెడు పొద్దెక్కేదాకా చేప కాదు కదా, నీళ్ళే కనబడవు. పైన ఎంత తుడిచినా లాభం లేదు. సంక్రాంతికి చుట్టాలు దిగేది ఆ రోజుల్లోనే.

దాంతో సర్దుకుపోయాం. 2025 అక్టోబరులో మోంథా తుఫాను వచ్చినప్పుడు జరిగినదానికి మాత్రం సర్దుకోలేకపోయాను. 28 రాత్రి అది మా నరసాపురం దగ్గరే తీరం దాటింది. అప్పటికే కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి ఊదే ఏరేటర్ ఆగిపోయింది. అంతకుముందు నుంచే మబ్బు పట్టి ఎండ లేదు, అంటే నీళ్ళలో నాచు పగలు తయారుచేసే ఆక్సిజన్ కూడా అంతంతమాత్రమే. రాత్రయితే నాచు కూడా చేపల్లాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తుడిచిన గాజులోంచి ఒక్కో మొప్ప కొట్టుకోవడం కనబడుతోంది, చెయ్యి పెట్టడానికి మాత్రం దారి లేదు. ఫిల్టరు దగ్గర అడుగు వెడల్పు మూత ఒక్కటే తెరుచుకుంటుంది. పలక ఎత్తుదామంటే మూడడుగుల పలక ఒక్కొక్కటి డెబ్బై కిలోల పైమాట, పైగా చుట్టూ సిలికాన్. గునపం వేస్తే అంచు దెబ్బతిని టఫెన్డ్ పొర మొత్తం పొడిపొడి అయిపోతుంది.

మా బావమరిదికి రొయ్యల చెరువులున్నాయి. ఆ గాలివానలోనే ఆక్సిజన్ గుళికల ప్యాకెట్టు పట్టుకుని వచ్చాడు. "బావా, డీవో, అదే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయింది. నువ్వు నీళ్ళు తోడి పొయ్యి, మాటలు తర్వాత" అన్నాడు. ఆ మూతలోంచే బకెట్టుతో తోడి, ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోశాం. బాగా తెల్లవారాక చేపలు కిందికి దిగాయి. పెద్దవి రెండు మాత్రం దక్కలేదు. ఆక్సిజన్ తగ్గితే ముందు పోయేవి పెద్ద చేపలే.

నన్ను బాధపెట్టింది ఇదీ: మా వీధి చివర ఊరి చెరువులో ఒక్క చేప తేలలేదు. రాత్రంతా గాలి ఆ నీళ్ళను చిలికేసింది, వాన కొట్టింది. అదే తుఫానులో మా కుంట నీళ్ళు గాజు కింద కదలకుండా ఉన్నాయి. బిగించే రోజునే సందు వదలమని అడిగాను. ఆకులు పడతాయి సార్, చూడ్డానికి బాగోదు అన్నారు.

తర్వాత వేరే మేస్త్రీని పిలిపించి, ఎదురెదురు అంచుల్లో రెండంగుళాల సందు తీయించి స్టీలు జల్లెడ బిగించాం. ఒక పలకను సిలికాన్ లేకుండా రబ్బరు మీద ఊరికే కూర్చోబెట్టించాం, దాన్ని పట్టి ఎత్తడానికి సక్షన్ కప్పులు కొని ఇంట్లోనే పెట్టుకున్నాం. ఏరేటర్‌ని ఇన్వర్టరుకి కలిపాం. అనుకోని లాభం ఏమిటంటే, ఆ చలికాలం ఆవిరి సగానికి సగం తగ్గింది. లోపలి తేమ బయటికి పోయే దారి దొరికింది కదా. జల్లెడ మీద ఆకులు పడతాయి, నిజమే. చీపురుతో ఊడిస్తే పోతాయి. పలక ఎత్తి అడుగున పట్టిన నాచు గీకడానికి మాత్రం ఇప్పటికీ నలుగురు మనుషులు కావాలి.

కాబట్టి వేయించుకోమనాలా వద్దా అంటే, మీ ఇంటిని బట్టి ఉంటుంది. మేం ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటాం, కేకేస్తే వచ్చే బావమరిది ఉన్నాడు. హైదరాబాదులో ఉంటూ పండక్కి మాత్రమే తాళం తీసే ఇంటికి నేనైతే వద్దనే చెబుతాను. వేసవిలో కాలువలు కట్టేశాక నీళ్ళు మార్చడానికి మంచి బోరు లేకపోయినా కష్టమే, మా వైపు చాలా బోర్లలో ఉప్పు నీళ్ళే. మళ్ళీ కట్టించాల్సి వస్తే సగం కుంట మీదే గాజు వేయించి మిగతా సగం తెరిచి ఉంచుతానేమో. మా ఆవిడ మాత్రం మొత్తం ఉండాల్సిందే అంటోంది.