2 జీబీనా, 4 జీబీనా: వెబ్ యాప్ సర్వర్‌కు ఏది మేలు?

"రోజుకు వెయ్యి మంది వస్తారు, ఎంత ర్యామ్ కావాలి?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. వెయ్యి మందీ ఒకేసారి రారు కదా. ఒకేసారి ఎన్ని వర్కర్లు (వచ్చిన రిక్వెస్టులకు జవాబిచ్చే యాప్ ప్రాసెస్‌లు) నడుస్తాయి, పని మీద పడ్డప్పుడు ఒక్కోటి ఎంత మెమరీ తింటుంది? లెక్క అక్కడ మొదలుపెట్టాలి.

నేను చూసుకునే కోచింగ్ సెంటర్ ఫీజుల యాప్ సంగతే చెబుతాను. పైథాన్‌లో రాసే జాంగో యాప్, దాని వర్కర్లను నడిపే గునికార్న్, అదే మెషిన్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. 2 ప్రాసెసర్ కోర్లు, 2 జీబీ ర్యామ్. కోర్లకు రెట్టింపు, పైన ఒకటి అన్న గునికార్న్ లెక్కన 5 వర్కర్లు పెట్టాను. ఒక్కోటి 150 ఎంబీ, మొత్తం 750. పోస్ట్‌గ్రెస్‌కు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు కలిపి ఇంకో 500. ఇంకా 700 పైగా మిగులుతుంది కదా అని ధీమాగా ఉన్నాను.

ఒకటో తారీఖున ఫోన్. "సార్, రసీదు రావట్లేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంది." క్లర్కులు అన్ని బ్యాచ్‌ల ఎక్సెల్ రిపోర్టులు వరసగా దించుకుంటున్నారు. రిపోర్టు తీసిన వర్కర్ 400 ఎంబీకి పెరుగుతుంది. పని అయ్యాక కూడా పైథాన్ ఆ మెమరీని చాలాసార్లు పూర్తిగా వదలదు. ఐదూ అలా ఉబ్బితే 2,000 ఎంబీ! కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లాగ్ తెరిచి చూస్తే "అవుట్ ఆఫ్ మెమరీ" అన్న లైను, మెమరీ చాలక కెర్నల్ చంపేసిన ప్రాసెస్‌గా అందులో పోస్ట్‌గ్రెస్ పేరు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క ప్రాసెస్‌ను అలా చంపినా మిగతా కనెక్షన్లన్నీ తెగిపోయి అది రికవరీలోకి వెళ్తుంది. కౌంటర్ ముందు తల్లిదండ్రులు డబ్బు పట్టుకుని నిలబడే ఉన్నారు.

4 జీబీకి మారితే ఐదు వర్కర్లూ ఉబ్బినా 2,500 దగ్గర ఆగుతుంది. మిగిలిన ర్యామ్ డిస్క్ క్యాష్‌కు (డిస్క్‌లోని ఫైళ్లను ర్యామ్‌లో ఉంచుకోవడానికి) పనికొస్తుంది కాబట్టి డేటాబేస్ కూడా చురుగ్గా ఉంటుంది. కోడ్ ముట్టుకోనక్కర్లేదు. కాకపోతే సర్వర్ అద్దె దాదాపు రెట్టింపు, అదీ ప్రతి నెలా.

2 జీబీలోనే ఉండాలంటే రిపోర్టులన్నీ ఒక్క సెలరీ వర్కర్‌కు (వెనక వరసగా పనులు చేసే ప్రాసెస్‌కు) అప్పగించాలి. ఉబ్బేది అదొక్కటే కాబట్టి 1,650 దగ్గర సర్దుకుంటుంది. ఆ పనుల క్యూ కోసం రెడిస్ అనే మెమరీ స్టోర్ పెట్టినా అదనంగా పడేది కొద్ది ఎంబీలే. ఒక జీబీ స్వాప్ (ర్యామ్ నిండితే వాడుకునే డిస్క్ జాగా) కూడా పెట్టుకోండి, అయితే దాన్ని ర్యామ్ కింద లెక్కేసుకోవద్దు. స్వాప్ మీదే నడిచే సర్వర్ ఈడుస్తుంది.

కోడ్ మార్చే తీరిక లేకపోతే 4 జీబీ తీసుకోండి, టెన్షన్ ఉండదు. నేను ఆ రోజు చేసిందీ అదే. రిపోర్టులు విడగొట్టాక మళ్లీ 2 జీబీకి వచ్చేశాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కొలిచేటప్పుడు, లినక్స్‌లో మెమరీ వాడకం చూపించే ఫ్రీ కమాండ్‌లో "ఫ్రీ" కాలమ్ చూసి భయపడకండి. ఖాళీ ర్యామ్‌ను లినక్స్ ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది, యాప్‌కు కావాల్సి వస్తే వదులుతుంది. "అవైలబుల్" కాలమ్ చూడండి. అదీ మధ్యాహ్నం తీరిగ్గా ఉన్నప్పుడు కాదు, ఒకటో తారీఖు ఉదయం కౌంటర్ తెరిచిన గంటకు.