పాత ఎస్-క్లాసా, కొత్త జీఎల్‌సీయా: ఏది మేలు?

చాలామంది లగ్జరీ కారు కొనేటప్పుడు ఇక్కడే ఆగిపోతారు. దాదాపు అదే డబ్బుకు కొన్నేళ్లు వాడిన పెద్ద సెడాన్ వస్తుంది, పెద్దగా తిరగని చిన్న ఎస్‌యూవీ కూడా వస్తుంది. ఉదాహరణకు మెర్సిడెస్‌నే తీసుకుందాం. ఒక పక్క 2013 నుంచి 2020 వరకు తయారైన తరం ఎస్-క్లాస్, ఇంకో పక్క 2022లో వచ్చిన తరం జీఎల్‌సీ.

వెనక సీట్లో కూర్చుంటే మాత్రం పోటీయే లేదు. ఎస్-క్లాస్ పొడవాటి వెర్షన్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 3165 మిల్లీమీటర్లు, జీఎల్‌సీది 2888. తేడా జానెడు కంటే ఎక్కువే, అందులో చాలా భాగం మీ మోకాళ్ల ముందే కనిపిస్తుంది. అసలు సుఖం ఇంకోచోట ఉంది. ఎస్‌యూవీ ఎత్తుగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో ఒరగకుండా స్ప్రింగులను కాస్త బిగువుగా పెట్టాల్సి వస్తుంది. అందుకే ఒక చక్రం గుంతలో పడితే లోపల తలలు అటూ ఇటూ ఊగుతాయి. నేలకు దగ్గరగా ఉండే సెడాన్‌కు ఆ బెడద తక్కువ, మెత్తగా సాగిపోతుంది. నాలుగు గంటల ప్రయాణం తర్వాత నడుము ఈ తేడాను చెప్పేస్తుంది.

కానీ పాత సెడాన్ కొనేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. ఏళ్లు గడిచేకొద్దీ కారు ధర పడిపోతుంది గానీ స్పేర్ పార్టుల ధర పడదు. కొత్తప్పుడు ఎంత ఖరీదైన కారో, రిపేర్లు ఇప్పటికీ ఆ స్థాయిలోనే ఉంటాయి. నేనొకప్పుడు ఎయిర్ సస్పెన్షన్ ఉన్న, అంటే ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచుల మీద నిలబడే పాత సెడాన్ వాడాను. ఓ రోజు పొద్దున్నే చూస్తే ముందు ఎడమ మూల కుంగి ఉంది. స్టార్ట్ చేయగానే లేచింది, సర్దుకుందిలే అనుకున్నాను. నిజానికి గాలి పట్టి ఉంచే రబ్బరు పగిలి గాలి పోతోంది. ఆ లోటు పూడ్చడానికి గాలి కొట్టే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి చివరకు అదీ కాలిపోయింది. ఒక ఖర్చుతో పోవాల్సింది రెండయింది.

జీఎల్‌సీలో ఈ టెన్షన్ తక్కువ. కంపెనీ వారంటీ మిగిలి ఉంటే పెద్ద రిపేరు మీ జేబు మీద పడదు. డిక్కీలో సామాను పెట్టుకోవడం కూడా తేలిక. అయితే నన్ను ఆలోచనలో పడేసింది ఇవేవీ కావు, మా అమ్మ మోకాళ్లు. సెడాన్‌లో ఆమె సీట్లోకి దిగాలి, బయటికి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని పైకి లేవాలి. ఎస్‌యూవీ సీటు నడుము ఎత్తులో ఉంటుంది. ఆమె అలా పక్కకు తిరిగి, ఎవరి సాయం లేకుండా కూర్చుంటుంది.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లు రోజూ ఎక్కి దిగే కారైతే ఎస్‌యూవీయే తీసుకోండి, నేనూ అదే చేశాను. ఎక్కువగా హైవే మీదే తిరిగేవాళ్లు, రిపేర్ల కోసం కొంత డబ్బు పక్కన పెట్టగలిగినవాళ్లు మాత్రం సెడాన్‌నే కొనండి. ఆ సుఖాన్ని చిన్న ఎస్‌యూవీ ఇవ్వలేదు.

సెడాన్ చూడ్డానికి వెళ్తే ముందు టైర్ల దగ్గర వంగండి. టైరు పక్కన DOT అనే అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్ల మీద నాలుగు రకాల తేదీలు, నాలుగు బ్రాండ్లు ఉంటే ఆ ఓనరు కారును ఎలా చూసుకున్నాడో అనుమానించాల్సిందే. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరొచ్చేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే చప్పుడు మీ చెవులతో వినాలి. వీలైతే కారును రాత్రంతా ఒకచోట నిలిపి ఉంచమని అడిగి, పొద్దున్నే వెళ్లి నాలుగు చక్రాల మీద టైరుకూ బాడీకీ మధ్య ఖాళీ సమానంగా ఉందో లేదో, నా కారులా ఏ మూలైనా కుంగిందేమో చూడండి.