బిర్ కోట: టెలిస్కోప్ కోసమైనా ఓసారి వెళ్లిరండి

డబ్లిన్‌లో ఉండే మనవాళ్లకు వీకెండ్ అనగానే మోహర్ కొండలే గుర్తొస్తాయి కానీ, ఆకాశం మీద కాస్తయినా ఆసక్తి ఉంటే ఆఫలీ కౌంటీలోని బిర్ చూసి తీరాలి. కారులో సుమారు రెండు గంటలు. ఊరికి రైలు లేదు, కాబట్టి బస్సులో వెళ్లేవాళ్లు తిరుగు టైములు ముందే చూసుకోండి.

కోట మూడో ఎర్ల్ ఆఫ్ రాస్ విలియం పార్సన్స్‌ది. 1800లో పుట్టిన ఈ దొర 1834 దాకా పార్లమెంటు సభ్యుడు, తర్వాత సైన్స్ కోసం ఆ సీటు వదులుకున్నాడు. ఊళ్లో పనివాళ్లకు తనే నేర్పించి, పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టే మట్టి ఇంధనం) మంట మీద రాగి, తగరం కరిగించి, టెలిస్కోప్ కోసం 72 అంగుళాల అద్దం పోత పోయించాడు. బరువు మూడు టన్నులు! 1845లో దాంతోనే ఎం51 గెలాక్సీ సుడిలా తిరిగి ఉందని చూసి, చేత్తో బొమ్మ గీశాడు. అదే ఏడాది బంగాళదుంప తెగులుతో కరువు మొదలైతే టెలిస్కోప్ పక్కన పెట్టి సహాయక పనుల్లోకి దిగాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

రెండు ఎత్తైన రాతి గోడల మధ్య ఇనుప పట్టీలు బిగించిన నల్లటి టెలిస్కోప్ గొట్టం, దాదాపు 16 మీటర్ల పొడవు, గొలుసులతో వేలాడుతుంటుంది. పైకీ కిందికీ బాగా కదులుతుంది గానీ పక్కలకు కొంచెమే, అందుకే ఏ నక్షత్రాన్నయినా అది గోడల మధ్య దాటే కాసేపే చూడగలిగేవారు. 1917 దాకా ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద టెలిస్కోప్ లేదు. అసలు అద్దం ఒకటి లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది, ఇక్కడున్న టెలిస్కోప్ 1990ల్లో బాగుచేసినది.

గుర్రపుశాలల్లోని మ్యూజియం అస్సలు వదలొద్దు, ఆయన భార్య మేరీ తీసిన ఫోటోలు చూడటానికే చాలా టైము పడుతుంది. కుటుంబం ఇప్పటికీ కోటలోనే ఉంటుంది, లోపలి టూర్ వేసవిలోనే, టికెట్ వేరు. చిన్నపిల్లలతో వెళ్తే అది మానేసి తోటలో తిరగడమే మేలు.

మేం దిగిన గెస్ట్‌హౌస్ శుభ్రంగానే ఉంది, కానీ రాత్రి గది బాగా చల్లబడింది, అడిగాకే ఇంకో హీటర్ ఇచ్చారు. శాకాహారులకు పొద్దున టోస్ట్, బీన్స్, పుట్టగొడుగులతో సరి. అయినా రాత్రి ఉండటమే నయం, సాయంత్రం ఆక్స్‌మన్‌టౌన్ మాల్ అనే వీధిలో పాత ఇళ్ల వెంట తీరిగ్గా నడవొచ్చు. తోటలో గడ్డి తడిగా ఉంటుంది, మంచి బూట్లు వేసుకెళ్లండి.