వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ చూడ్డానికి వెళ్తే ఏం చూడొచ్చు, ఎక్కడ దిగాలి

నీలగిరుల్లో సైనికాధికారులు చదివే డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీలోకి అనుమతి లేనిదే వెళ్లనివ్వరు. ఊటీ ట్యాక్సీలవాళ్లు "చూపిస్తాం" అనేది గేటు ముందు నుంచి పోయే రోడ్డును మాత్రమే. దానికోసం విడిగా బండి మాట్లాడుకోవడం దండగ. కూనూరు-ఊటీ బస్సు ఎక్కినా వెల్లింగ్టన్ మీదుగానే పోతుంది.

కాలేజీ పుట్టింది ఇక్కడ కాదు. 1905లో నాసిక్ దగ్గరి దేవలాలీలో మొదలై 1907లో క్వెట్టాకు మారింది. రెండో ప్రపంచయుద్ధంలో పేరుమోసిన బ్రిటిష్ సేనానుల్లో స్లిమ్ అక్కడే చదివాడు, మాంట్‌గొమరీ పాఠాలు చెప్పాడు. దేశ విభజనలో క్వెట్టా పాకిస్తాన్‌కు పోయింది కాబట్టి 1947లో మనవాళ్లు వెల్లింగ్టన్‌లో కొత్తగా మొదలుపెట్టారు. 1948 నుంచి 1955 దాకా కమాండెంటు, అంటే కాలేజీ అధిపతి, బ్రిటిష్ అధికారి లెంటేన్. తర్వాత, 1971 యుద్ధంనాటి ఆర్మీ చీఫ్ మానెక్‌షా కూడా ఆ కుర్చీలో కూర్చున్నారు. మూడు దళాల అధికారులతో పాటు మిత్రదేశాలవాళ్లూ ఇక్కడ కలిసి చదువుతారు. నైజీరియాను ఏలిన ఒబసాంజో ఈ కాలేజీ విద్యార్థే. పక్కనున్న మద్రాస్ రెజిమెంట్ సెంటర్‌లోని శ్రీనగేశ్ బ్యారక్స్‌కు ఆ పేరు జనరల్ శ్రీనగేశ్ వల్ల వచ్చింది. ఆర్మీ చీఫ్‌గా దిగిపోయాక ఆయన 1962లో ఆంధ్రప్రదేశ్ గవర్నరయ్యారు. 2021 డిసెంబరు 8న అప్పటి త్రిదళాధిపతి జనరల్ రావత్ ఈ కాలేజీలో ప్రసంగించడానికి వస్తుండగానే హెలికాప్టర్ కూలింది. ఆయనతో పాటు పోయినవారిలో అప్పటి చిత్తూరు జిల్లా జవాను లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నారు.

బసకు మా ఓటు ఊటీకి కాదు, కూనూరుకే. వెల్లింగ్టన్ అక్కడికి కూతవేటు దూరం. దిగువ కూనూరులో స్టేషను, బస్టాండు, మార్కెట్టు అన్నీ పక్కపక్కనే. లాడ్జీలు చవకే గానీ తెల్లారకముందే హారన్ల మోత మొదలవుతుంది. ఎగువ కూనూరులో సిమ్స్ పార్కు, బెడ్‌ఫోర్డ్ వైపు ప్రశాంతంగా ఉంటుంది, అద్దెలు ఎక్కువ, ప్రతిదానికీ ఆటో ఎక్కాలి. పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే పైనే మేలు. గది తీసుకునేముందు వేడినీళ్లు ఏయే వేళల్లో వస్తాయో అడగండి. ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువ పేచీ దాంతోనే.

కొండ కింది మెట్టుపాళయం నుంచి ఉదయం 7:10కి ఊటీ చిన్నరైలు. కల్లార్ దాటాక, ఇంజను పళ్లచక్రం పట్టుకుని ఎక్కడానికి పట్టాల నడుమ రంపంలాంటి పళ్లున్న పట్టీ మొదలవుతుంది. ఆవిరి ఇంజను వెనకనుండి నెడుతుంటే, పెట్టె ముందు నిలబడ్డ బ్రేకు మనిషి జెండా ఊపుతుంటాడు. కూనూరులో డీజిల్ ఇంజను తగిలిస్తారు. ఆ తర్వాతి స్టేషనే వెల్లింగ్టన్. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సెలవుల సీజనులో ఆ రోజే చేయకపోతే వెయిటింగ్ లిస్టే. అక్టోబరు, నవంబరు నెలల్లో కొండచరియలు పడి రైలు రద్దవడం మామూలే కనుక, ఆ రోజుల్లో బస్సుకు సిద్ధపడే వెళ్లండి. సొంత కారైతే నీలగిరుల్లోకి రావడానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈ-పాస్ ముందే తీసుకోవాలి, లేకపోతే చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతారు. మంచినీళ్లకు స్టీలు సీసా పెట్టుకోండి, ప్లాస్టిక్‌వి పట్టుకుంటే జరిమానా.

మానెక్‌షా సమాధి మాత్రం వెల్లింగ్టన్‌లో లేదు, ఊటీలోని పార్శీ శ్మశానంలో ఉంది.