ఇంట్లో స్విఫ్ట్, బ్రెజ్జా: ఏళ్ల తరబడి రెండూ నడిపాక నా మాట

చిన్న కారు కొనాలా, కాంపాక్ట్ ఎస్‌యూవీ కొనాలా అని సలహా అడిగేవాళ్లను నేను ముందు ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్ల గురించి అడుగుతాను. ఆ తర్వాత ఇంటి ముందు సందు గురించి. మైలేజీ, డిక్కీ, రంగు, డాష్‌బోర్డు మీద తెర ఎంత పెద్దది అన్న సంగతులు ఆ రెండూ తేలాక మాట్లాడుకోవచ్చు.

మా ఇంట్లో 2018 నుంచి మారుతి స్విఫ్ట్ అనే చిన్న కారు ఉంది. 2022 చివర్లో అదే కంపెనీ కాంపాక్ట్ ఎస్‌యూవీ బ్రెజ్జా వచ్చి చేరింది. రెండూ పెట్రోలు కార్లే, రెండూ చేత్తో గేర్లు మార్చేవే. మేముండేది విజయవాడలో. నా ఉద్యోగం గవర్నర్‌పేటలో, అత్తగారి ఊరు దివిసీమలో అవనిగడ్డ దగ్గర, మా అమ్మావాళ్లు హైదరాబాదులో. కాబట్టి ఇరుకు సందులు, కృష్ణ కరకట్ట, నాలుగు వరుసల జాతీయ రహదారి, మూడూ మాకు తప్పవు. రెండు కార్లనూ నేనూ మావారూ మార్చి మార్చి నడుపుతాం. ఇప్పుడు మా అమ్మాయి కూడా నడుపుతోంది.

కాగితం మీద కొలతలు చూస్తే తేడా ఇంతేనా అనిపిస్తుంది. మా స్విఫ్ట్ పొడవు 3,840 మిల్లీమీటర్లు, బ్రెజ్జా 3,995. ఎత్తు ఒకటి 1,530, మరొకటి 1,685. పొడవులోనైనా ఎత్తులోనైనా తేడా 155 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఆరంగుళాలు. వెడల్పులో తేడా 55 మిల్లీమీటర్లు. నేలకూ కారు అడుగు భాగానికీ మధ్య ఖాళీ స్విఫ్ట్‌కు 163, బ్రెజ్జాకు 198. షోరూములో పక్కపక్కన నిలబెడితే మాత్రం ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని బళ్లలా కనిపిస్తాయి. చాలామంది ఆ రూపం చూసే డబ్బు కడతారు. ఈ అంగుళాల్లో కొన్ని రోజూ పనికొస్తాయి, కొన్ని కొన్న నెల తర్వాత గుర్తుకు కూడా రావు.

రోజూ పనికొచ్చేది సీటు ఎత్తు. మా అత్తయ్యగారికి రెండు మోకాళ్లూ అరిగాయి. స్విఫ్ట్‌లో కూర్చోవాలంటే ఆవిడ డోరు పట్టుకుని, వెనక్కి తిరిగి, మెల్లగా కిందికి వాలాలి. తర్వాత తల వంచి కాళ్లు ఒక్కొక్కటిగా లోపలికి తీసుకోవాలి. దిగడం ఇంకా కష్టం, లేచేటప్పుడు ఒంటి బరువంతా మోకాళ్ల మీదే పడుతుంది. ఎవరో ఒకరు చెయ్యి అందించక తప్పదు. బ్రెజ్జా సీటు సరిగ్గా ఆవిడ కూర్చునే ఎత్తులోనే ఉంటుంది. పక్కకు తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి జరుపుకుంటే చాలు. ఆ కారు వచ్చాక ఆవిడ "నేను రాలేనులే అమ్మా, మీరు వెళ్లి రండి" అనడం మానేశారు. గుడికీ, పెళ్లిళ్లకూ, అవనిగడ్డలో ఆవిడ అక్కగారి ఇంటికీ హాయిగా వస్తున్నారు. మా కుటుంబానికి ఈ కారు చేసిన మేలు ఇదే. మిగతా సుఖాలన్నీ దీని తర్వాతే.

ఎత్తు పెరిగేకొద్దీ మేలని మాత్రం అనుకోకండి. మా బావగారి పెద్ద ఎస్‌యూవీ ఎక్కాలంటే ఆవిడకు పక్క మెట్టు కావాలి, కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి, పైన పట్టుకునే పిడి అందదు. కొనబోయే కారులో మీ ఇంటి పెద్దవాళ్లను రెండు మూడుసార్లు ఎక్కించి దింపి చూడండి. ముందు సీటులో ఒకసారి, వెనక సీటులో ఒకసారి. వెనక డోరు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో అప్పుడే తెలుస్తుంది.

రెండో కొలత వెడల్పు. ఇక్కడ స్విఫ్ట్‌కు నేను చేతులెత్తి మొక్కుతాను. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందుల్లోకి వెళ్లి చూడండి. రెండు పక్కలా బళ్లు నిలిపి ఉంటాయి, మధ్యలో తోపుడుబండి, ఎదురుగా ఆటో. 55 మిల్లీమీటర్లంటే రెండంగుళాలే, కానీ అక్కడ అద్దం రాసుకోవడానికీ రాసుకోకపోవడానికీ ఆ రెండంగుళాలే తేడా. స్విఫ్ట్ 4.8 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతుంది. అది ఒక్క తిప్పుకు తిరిగే మలుపులో బ్రెజ్జాను ఒకసారి వెనక్కి తీయాల్సి వస్తుంది. మా అపార్ట్‌మెంటు సెల్లారులో రెండు స్తంభాల మధ్య రెండు కార్లు పెట్టాలి. పక్కింటివాళ్లది కూడా ఎస్‌యూవీ అయిన రోజు నేను డోరు సగం తెరిచి ఊపిరి బిగపట్టి దిగుతాను. పాత అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు కారు బుక్ చేసే ముందు టేపు తీసుకుని తమ జాగా కొలుచుకోవాలి. డోరు తెరవడానికి కావలసిన చోటు కూడా అందులో కలుపుకోవాలి.

ఎత్తున కూర్చుంటే రోడ్డు బాగా కనిపిస్తుందని అందరూ అంటారు. దూరం విషయంలో అది నిజం. బెంజ్ సర్కిల్ దగ్గర రద్దీలో నాలుగు బళ్ల అవతల ఏం జరుగుతోందో బ్రెజ్జాలో ముందే తెలుస్తుంది. కరకట్ట మీద రాత్రి పూట ఎదురుబండి వెలుగు స్విఫ్ట్‌లో నేరుగా కళ్లలో కొడుతుంది, బ్రెజ్జాలో ఆ బాధ తక్కువ. దగ్గర విషయంలో మాత్రం ఇది తారుమారవుతుంది. ఎత్తైన బానెట్టు ముందు, ముఖ్యంగా ఎడమ మూలన, చిన్నపిల్లవాడు నిలబడితే సీటులోంచి కనిపించడు. వెనక అద్దం కింద కూడా అంతే. కెమెరా ఉంది కదా అని నమ్ముకోకుండా, ఇంటి ముందు కారు తీసేటప్పుడు ఒకసారి చుట్టూ నడిచి చూసి ఎక్కడం మా ఇంట్లో నియమం.

ఇక రహదారి. విజయవాడ నుంచి హైదరాబాదుకు నందిగామ, కోదాడ, సూర్యాపేట, చౌటుప్పల్ మీదుగా సుమారు 270 కిలోమీటర్లు. ఇద్దరమే వెళితే ఏ కారైనా ఒకటే. ఇంకా చెప్పాలంటే స్విఫ్ట్ తేలికగా, చలాకీగా పోతుంది. దాని బరువు బ్రెజ్జా కన్నా సుమారు రెండు వందల యాభై కిలోలు తక్కువ. ఐదుగురం ఎక్కి, డిక్కీ నింపి, మే నెల మధ్యాహ్నం ఏసీ పూర్తిగా పెడితే తేడా బయటపడుతుంది. 1,197 సీసీ ఇంజినుతో లారీని దాటాలంటే ఒక గేరు తగ్గించి, ముందు చాలా దూరం ఖాళీ ఉందని చూసుకుని వెళ్లాలి. బ్రెజ్జా 1,462 సీసీ ఇంజిను ఆ పని నిదానంగా, గోల లేకుండా చేస్తుంది. మా స్విఫ్ట్‌లో వెనక సీటుకు ఏసీ గాలి వచ్చే మార్గం లేదు. వెనక కూర్చున్నవాళ్లకు చల్లదనం అందేసరికి కంచికచర్ల దాటిపోతుంది. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో వెనక ఏసీ ఇచ్చారు, ఇది మంచి మార్పు. ముగ్గురు పెద్దవాళ్లు వెనక కూర్చుని సూర్యాపేట దాకా భుజాలు ముడుచుకోకుండా రావాలంటే బ్రెజ్జాయే మేలు.

ఘాట్ రోడ్డు మీద కథ వేరు. శ్రీశైలానికి మేము దోర్నాల వైపు నుంచి వెళతాం. అక్కడి నుంచి సుమారు 50 కిలోమీటర్లు నల్లమలలో మలుపులే మలుపులు. ఎత్తు కారు ప్రతి మలుపులోనూ పక్కకు ఒరుగుతుంది. నడిపేవాళ్ల చేతిలో స్టీరింగు ఉంటుంది కాబట్టి వాళ్లకు పట్టదు, వెనక కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పుతుంది. మా ఆడపడుచు పిల్లలు బ్రెజ్జాలో వాంతి చేసుకున్న దారిలోనే స్విఫ్ట్‌లో నిద్రపోయారు. కొండదారుల్లో ఎక్కువగా తిరిగేవాళ్లు ఎస్‌యూవీ అన్న పేరు చూసి మోసపోవద్దు. నేలకు దగ్గరగా ఉన్న కారే మలుపుల్లో స్థిరంగా నిలుస్తుంది. నాకు నడపడంలో నిజమైన ఆనందం దొరికేది కూడా అక్కడ స్విఫ్ట్‌లోనే.

నేల నుంచి ఎత్తు గురించి అందరూ ముందు మాట్లాడతారు, నేను ఇంత ఆలస్యంగా మాట్లాడటానికి కారణం ఉంది. ఊళ్లో సొంతంగా పోసుకున్న స్పీడు బ్రేకర్ల మీద, ఐదుగురితో వెళ్లేటప్పుడు స్విఫ్ట్ అడుగు రాసుకుంటుంది. కంపెనీ చెప్పే 163 ఖాళీ కారు లెక్క. మనుషులు, సామాను ఎక్కితే అది ఇంకా తగ్గుతుంది. కొంచెం అడ్డంగా, ఒక్కో చక్రాన్ని ఎక్కిస్తూ పోతే చాలావరకు గట్టెక్కవచ్చు. బ్రెజ్జాలో ఆ ఆలోచనే రాదు. అంతవరకు లాభమే. కానీ ఈ 35 మిల్లీమీటర్లను వరదకు మందు అనుకుంటే ప్రమాదం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు కాలనీలు మునిగినప్పుడు చిన్న కారు, పెద్ద కారు అన్న తేడా లేకుండా అన్నీ నీళ్లలో ఉండిపోయాయి. ఇంజినులోకి గాలి వెళ్లే దారిలో నీళ్లు చేరాక స్టార్ట్ చేస్తే పిస్టన్లు ఆ నీటిని అణచలేవు, లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు బీమా ఆ నష్టాన్ని తరచు ఒప్పుకోదు. నీళ్లలో ఆగిన బండి తాళం తిప్పకుండా లాగించుకుపోవాలి. విజయవాడలాంటి ఊళ్లో ఏ కారు కొన్నా ఇంజిను రక్షణ అదనపు బీమా తప్పనిసరిగా తీసుకోండి. దీని గురించి ఎంత గట్టిగా చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది.

డిక్కీలో తేడా 268 లీటర్లకూ 328 లీటర్లకూ మధ్య. లెక్కలో అరవై లీటర్లే అయినా ఆకారం ముఖ్యం. స్విఫ్ట్ డిక్కీ గట్టు ఎత్తుగా, గుంట లోతుగా ఉంటుంది. బియ్యం బస్తా దించేటప్పుడు నడుము పట్టేస్తుంది. వేసవిలో నూజివీడు నుంచి మామిడికాయల పెట్టెలు తెచ్చేటప్పుడు బ్రెజ్జాలో ఒకదాని మీద ఒకటి పెట్టవచ్చు.

ఖర్చుల్లో పెట్రోలుదే ప్రధాన తేడా. ఊళ్లో స్విఫ్ట్ లీటరుకు 14 నుంచి 15 ఇస్తోంది, బ్రెజ్జా 11 నుంచి 12. రహదారి మీద నిలకడగా వెళితే ఒకటి 20 దాకా, మరొకటి 17 దాకా. టోల్‌గేటులో రెండూ ఒకే తరగతి, ఫాస్టాగ్ నుంచి పోయేది ఒకే మొత్తం. థర్డ్ పార్టీ బీమా కూడా అంతే. 1,000 నుంచి 1,500 సీసీ వరకు ఒకటే శ్రేణి, 2022లో నిర్ణయించిన రేటు ఏడాదికి 3,416 రూపాయలు. టైర్లు మాత్రం వేరు, 15 అంగుళాల చక్రానికీ 16 అంగుళాల వెడల్పు టైరుకూ ధరలో తేడా బాగానే ఉంటుంది.

భద్రత గురించి ఒక అపోహ ఉంది, ఎత్తు కారంటే గట్టి కారని. గట్టితనం బాడీ నిర్మాణంలో ఉంటుంది. కార్లను గుద్దించి చూసి నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో మా తరం స్విఫ్ట్‌కు 2018లో రెండు నక్షత్రాలే వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో టాటా నెక్సాన్ ఐదు తెచ్చుకుంది, మన దేశంలో తయారైన కార్లలో అదే మొదటిది. 2023 అక్టోబరు నుంచి మనకు సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ ఉంది. మీరు కొనే మోడల్ ఫలితం అందులో చూసుకోండి, రూపం చూసి ఊహించకండి. వెనక కూర్చున్నవాళ్లతో బెల్టు పెట్టించడం ఏ కారులోనైనా మన చేతిలో పని.

ఇప్పుడు కొనేవాళ్లకు పన్ను సంగతి ముఖ్యం. పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజిను 1,200 సీసీ లోపు, డీజిలైతే 1,500 సీసీ లోపు ఉంటేనే చిన్న కారు కింద లెక్క. కాంపాక్ట్ ఎస్‌యూవీలు చాలావరకు 3,995 దగ్గర ఆగిపోయేది అందుకే. 2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటివాటికి జీఎస్టీ 18 శాతం, మిగతావాటికి 40. బ్రెజ్జా పొడవులో ఇమిడినా ఇంజినులో ఇమడదు కాబట్టి దానికి 40 పడుతుంది. స్విఫ్ట్‌కు 18. పాత లెక్కలో 29, 45 ఉండేవి, అంటే రెండింటి మధ్య దూరం ఇంకా పెరిగింది. నెక్సాన్ పెట్రోలు, హ్యుందాయ్ వెన్యూ పెట్రోలు 1,200 లోపే కాబట్టి 18లోకి వస్తాయి. వీటిలో చిన్న టర్బో ఇంజిను (గాలిని ఒత్తి పంపి శక్తి పెంచేది) ఉన్నది చూస్తుంటే ఖాళీ రోడ్డు మీద కాకుండా రద్దీలో, రెండో గేరులో మెల్లగా నడిపి చూడండి. తక్కువ వేగంలో లాగే శక్తి అక్కడే తెలుస్తుంది.

ఈరోజు ఒక్క కారే కొనాలంటే అత్తయ్యగారి కోసం నేను 1,200 సీసీ లోపు ఇంజినున్న కాంపాక్ట్ ఎస్‌యూవీ తీసుకుంటాను. నలభై లోపు దంపతులు, ఒక బిడ్డ, పాత ఊళ్లో ఇల్లు అయితే స్విఫ్ట్‌లాంటి హ్యాచ్‌బ్యాక్ కొనుక్కుని మిగిలిన డబ్బులో కొంత ఎక్కువ ఎయిర్‌బ్యాగులున్న రకానికి పెట్టమంటాను. మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, తను ఉండబోయే ఇంట్లో పార్కింగు జాగా ఇరుకు. స్విఫ్ట్‌కు కొత్త టైర్లు వేయించి తనకే పంపిస్తున్నాం.